రెండు చుక్కలు, ఒక్క పోటు

"సారిక అరచేతులు ఏ రంగుల ఉన్నయి డాక్టర్ గారూ?"

డాక్టర్ రత్నాకర్ ఈ ప్రశ్నకు తడుముకోలేదు. బల్ల మీదున్న కేస్ షీటును ఇటు తిప్పి, తన రాత మీద పెన్నుతో తట్టాడు.

"రాసే ఉన్నది కదా. సోమవారం, పది యాభై. అరచేతులు గులాబీ రంగు, పాలిపోలేదు. ఊపిరి నిమిషానికి ఇరవై ఎనిమిది. ఆయాసం లేదు, మగత లేదు. కింద సంతకం నాదే."

"మీ కండ్లతోని చూసే రాసిండ్రా?"

"చూడకుండా ఎట్ల రాస్తం?"

ఇమ్మానుయేల్ తలూపి, జేబులోంచి తీసిన చిన్న నోటుబుక్కులో 'పది యాభై' అని రాసుకున్నాడు. పద్దెనిమిదేళ్లు ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసి చేసి, ఒకరోజు ఆ ఉద్యోగానికి నమస్కారం పెట్టి, తార్నాకలో టిఫిన్ సెంటర్ పై అంతస్తులో డిటెక్టివ్ ఆఫీసు బోర్డు తగిలించిన మనిషి. ఎవరి మాటనైనా వింటాడు గానీ అంకె కనబడితే మాత్రం దాని కులగోత్రాలు అడగనిదే వదలడు.

కిటికీ దగ్గర నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ కరుణాకర్ గట్టిగా ఆవలించాడు. ఆ ఆవలింత ఇమ్మానుయేల్ కోసమే. నిరుడు మౌలాలి కేసులో ఈ మాజీ ల్యాబు మనిషి తన పరువు తీశాడన్న మంట ఆయనకు ఇంకా చల్లారలేదు.

"డిటెక్టివ్ సాబ్, గడియారం చూసుకుంటున్నవా? రెండుంబావు. అయిదింటికి నేను అమ్మాజీని మెజిస్ట్రేటు ముందట పెట్టాలె. పంచనామా కోసం ఆమెను గీడికి తెచ్చిన, నువ్వేమో అరచేతుల రంగులు అడుగుతున్నవ్."

కేసు చూడబోతే ఇన్‌స్పెక్టర్‌కు అరచేతిలో ఉసిరికాయలాగే ఉంది. సారిక ఆరేళ్ల పిల్ల, లాలాపేట్‌లో ఉండే హమాలీ రాజలింగు కూతురు. నెల రోజులుగా తిండి సహించక, నాలుగడుగులు వేస్తే కూలబడిపోతుంటే నానమ్మ ఉప్పలమ్మ సోమవారం పొద్దున యూనివర్సిటీ క్యాంపస్‌లోని ఈ పిల్లల రక్తహీనత పరిశోధన విభాగానికి తీసుకొచ్చింది. రక్తపరీక్ష చేశారు. రక్తం ఎక్కించనక్కర్లేదని చెప్పి, టానిక్ సీసా చేతిలో పెట్టి మధ్యాహ్నానికి పంపించేశారు. మంగళవారం తెల్లవారేసరికి పిల్ల ఎగశ్వాసతో పోయింది. పరీక్ష చేసింది టెక్నీషియన్ అమ్మాజీ కాబట్టి అంకె తప్పు చెప్పింది ఆమేనని పోలీసులు తేల్చేశారు.

అమ్మాజీకి సూది పట్టడం నేర్పింది ఇమ్మానుయేలే. నిన్న ఆమె భర్త పరుశురాం ఆఫీసు మెట్ల మీద కూర్చుని చేతులు జోడించినప్పుడు, ఈ ఆడమనిషిని జైలుకు పోనివ్వనని ఇమ్మానుయేల్ మనసులోనే గట్టిగా అనుకున్నాడు. అనుకున్నంత తేలిక కాదని ఇప్పుడు తెలుస్తోంది.

"మీ రూలు ఒకసారి చెప్పుండ్రి డాక్టర్ గారూ. సీఐ గారు కూడ వింటరు."

రత్నాకర్ వెనక్కి వాలాడు. "హిమోగ్లోబిన్ పిల్లలకు పదకొండుకు పైన ఉండాలె. నాలుగుకు తక్కువ పడిపోతే పిల్ల పైకి ఎట్ల కనబడ్డా సరే, వెంటనే రక్తం ఎక్కించాలె. నాలుగుకు, ఆరుకు మధ్యల ఉంటే పిల్లను చూసి నిర్ణయం చేస్తం. ఆయాసమో మగతో ఉంటే రక్తం. లేకపోతే మందులిచ్చి కనిపెట్టుకోని ఉంటం. రక్తం ఎక్కించుడు అంటే చిన్న సంగతి కాదు, దాని ప్రమాదాలు దానికున్నయి. సారిక నంబర్ అయిదు పాయింట్ ఒకటి అని అమ్మాజీ ఫోన్ చేసి చెప్పింది. ఆ నంబర్‌కు నేను చేసింది కరెక్టు."

"కనిపెట్టుకోని ఉండుడు అంటే ఇంటికి పంపుడా?"

"ఇంటిదగ్గర కనిపెట్టుకోమని చెప్పిన."

ఇమ్మానుయేల్ సంచిలోంచి పోస్టుమార్టం రిపోర్టు నకలు తీసి, మొదటి పేజీలో తాను గీత గీసుకున్న వాక్యం మీద వేలు పెట్టి రత్నాకర్ ముందుకు జరిపాడు.

"చదువుండ్రి."

రత్నాకర్ కళ్లు ఆ గీత దగ్గర ఆగిపోయాయి. ఇన్‌స్పెక్టరే వచ్చి, వంగి, పైకి చదివాడు. "రెండు అరచేతులకు, వేళ్ల కొసలకు గోరింటాకు. ముదురు ఎరుపు."

"ఆషాఢం సార్," అన్నాడు ఇమ్మానుయేల్. "ఆదివారం రాత్రి వాళ్ల నానమ్మ మైదాకు నూరి పెట్టింది. అరచేతి నడుమ చందమామ, వేళ్లకు టోపీలు. సోమవారానికి ఎర్రగ పండింది. గా చేతుల గులాబీ రంగు ఏడికెల్లి కనబడ్డది డాక్టర్ గారికి? నిజంగ చూసిన డాక్టర్ అయితే ఏమని రాస్తడు? మైదాకు ఉన్నది, చేతులు పనికిరావు, కంటి రెప్ప తిప్పి చూసిన అని రాస్తడు. మీరు పిల్లను చూడలే. గీ కుర్చీలకెల్లి లేవలే. ఫోన్ల అయిదు పాయింట్ ఒకటి అని వినంగనే మిగిలిందంత కల్పించి రాసిండ్రు."

రత్నాకర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

"ఆ రోజు నలభై మంది పిల్లలు," అన్నాడు చివరికి. "నంబర్ బాగనే ఉన్నది కదా అనుకున్న."

"పిల్లను చూస్తే ఆ నంబర్ అబద్ధమని మీకే తెలిసేది." ఇమ్మానుయేల్‌కు ఒళ్లు మండిపోయింది, దాన్ని దాచుకోలేదు కూడా. "అయిదు నిమిషాలు. పిల్ల పానానికి మీరు అయిదు నిమిషాలు ఇయ్యలే."

కరుణాకర్ గొంతు సవరించుకున్నాడు. డాక్టరు మీద ఆయనకు జాలేమీ లేదు, కానీ తన కేసు చేజారడం ఇష్టంలేదు. "మంచిగనే పట్టినవ్. డాక్టర్ సంగతి వేరే కేసు, అది కూడ చూస్తం. కానీ నంబర్ ఇచ్చింది ఎవరు? అమ్మాజీ. తప్పు నంబర్ రాకపోతే ఈ తప్పు రాత కూడ ఉండకపోతుండె. నా కేసు నా దగ్గర్నే ఉన్నది."

అది నిజమే. ఇమ్మానుయేల్ లేచాడు. "కౌంటర్ చూపెట్టుండ్రి."

*

శాంపిల్ కౌంటర్ అంటే వరండాకు ఆనుకున్న చిన్న గది. రత్నాకర్ వాళ్లను అక్కడిదాకా తీసుకొచ్చి తాను వరండాలోనే ఆగిపోయాడు. గోడకు కిటికీ, కిటికీకి పైనంతా పాలరంగు గాజు, అడుగున జానెడు ఎత్తు సందు. పిల్లలు సూదిని చూస్తే గొల్లుమంటారని ఎవరో ఆలోచించి చేయించిన ఏర్పాటు అది. పిల్ల వరండాలో స్టూలెక్కి సందులోంచి చెయ్యి లోపలికి పెడుతుంది. లోపలున్న టెక్నీషియన్ వేలు పట్టుకుని, సూదితో పొడిచి, ఒక చుక్క తీసి చేతిని బయటికి పంపేస్తుంది. పిల్లకు సూది కనబడదు.

లేడీ కానిస్టేబుల్ పక్కన నిలబడ్డ అమ్మాజీ ఇమ్మానుయేల్‌ను చూడగానే కళ్లు తుడుచుకుంది. నలభై దాటిన మనిషి, మూడు రోజుల్లో పదేళ్లు పెద్దదైనట్టుంది.

"అన్నా, నేను తప్పు చెప్పలే. బైబిల్ మీద ఒట్టు."

"ఒట్టు తర్వాత. టైములు చెప్పు."

"పది ఇరవై రెండుకు మొదటి పరీక్ష. మూడు పాయింట్ ఎనిమిది వచ్చింది. డాక్టర్ సార్‌కు ఫోన్ చేసిన. మిషన్ మీద నమ్మకం లేదు, ఇంకోసారి చెయ్, రెండోసారి వచ్చిందే లెక్క అన్నడు. నేను కిటికీల నుంచి ముసలమ్మకు చెప్పిన. అమ్మా, చానా తక్కువొచ్చింది, ఇంకోసారి చూస్తం, మళ్ల గిట్లనే వస్తే రక్తం ఎక్కించాలె, పిల్లను పక్కన కూసోబెట్టు అన్న. వేరే పిల్లలవి తీసి, పది నలభై ఒకటికి మళ్ల పిలిచిన. అయిదు పాయింట్ ఒకటి వచ్చింది. గదే చెప్పిన, గదే రాసిన."

ఇమ్మానుయేల్ హిమోగ్లోబిన్ కొలిచే మిషన్ చేతిలోకి తీసుకున్నాడు. అరచేతిలో ఇమిడే పెట్టె. పక్కనున్న మీట నొక్కుతూ పోతే పాత అంకెలన్నీ టైముతో సహా వెనక్కి వస్తాయి. సోమవారం దగ్గర ఆపి ఇన్‌స్పెక్టర్‌కు చూపించాడు. 10:22 - 3.8. నడుమ ఆరుగురు పిల్లలవి. 10:41 - 5.1.

"రెండు చుక్కలు పడ్డయి సార్. ఆమె కల్పించి రాసింది కాదు."

కరుణాకర్ నవ్వాడు. ఈ మాట కోసమే కాచుకున్నట్టుంది ఆ నవ్వు. "నీ రిపోర్టు నువ్వే సరిగ చదవలే. రెండో పేజీ తియ్. ఎడమ చెయ్యి ఉంగరం వేలు కొసకు సూది పోటు ఒకటి. ఒకటే. రెండు పరీక్షలైతే రెండు పోట్లుండాలె కదా? రెండోది ఏది?"

"మైదాకుల కనబడలేదేమో?" అంది లేడీ కానిస్టేబుల్, ఉండబట్టలేక.

"ఒకటి కనబడ్డ పోస్టుమార్టం డాక్టర్‌కు రెండోది కనబడదా?" ఇన్‌స్పెక్టర్ ఆమె మీద కళ్లెర్రజేశాడు. "నేను చెప్త వినుండ్రి. ఈమెకు పని ఎక్కువైంది. పిల్లను మళ్ల పిలుసుడెందుకని తన వేలే పొడుసుకోని ఒక చుక్క వేసింది. అయిదు పాయింట్ ఒకటి వచ్చింది. అయిపాయె."

అమ్మాజీ కాదని తల అడ్డంగా ఊపింది. ఇమ్మానుయేల్ మాత్రం ఈ వాదనను కాసేపు నోట్లో వేసుకుని చప్పరించాడు. ఇన్‌స్పెక్టర్ మూర్ఖుడేం కాదు. ఒక్క పోటు అన్నది గట్టి సాక్ష్యమే. దాన్ని తాను కూడా రాత్రి చదివాడు, చదివి నిద్రపోలేదు.

"పరీక్ష చేద్దాం సార్. చెయ్యి పెట్టు అమ్మాజీ."

ఆమె వేలు ఆయనే పొడిచాడు. మిషన్ కాసేపు గుర్రుమని అంకె చూపించింది. పన్నెండు పాయింట్ రెండు.

"మూడు రోజులల్ల అయిదు నుంచి పన్నెండుకు ఎవరూ ఎక్కరు. ఆమె రక్తం కాదది."

కరుణాకర్ మొహం ముడుచుకుంది. మూడు కావస్తోంది.

ఇమ్మానుయేల్ అమ్మాజీ స్టూలు మీద కూర్చున్నాడు. కిటికీ ఎదురుగా పాలగాజు. అవతల నీడలు తప్ప ఏమీ కనబడడం లేదు. "అమ్మాజీ, మొదటిసారి పొడిసినప్పుడు పిల్ల ఏం చేసింది?"

"చెయ్యి గుంజుకున్నది అన్నా. బాగ ఏడ్సింది. రెండోసారి ఏడ్వలే పాపం, చెయ్యి కదపలే. అలవాటైంది కదా అనుకున్న."

"ఏ వేలు?"

"నువ్వు నేర్పిందే కదా. మొదటిది ఉంగరం వేలు. మళ్ల చెయ్యాల్నంటే అదే చేతి నడిమి వేలు."

ఒకసారి సూది రుచి చూసిన పిల్ల రెండోసారి చెయ్యి ఇవ్వడానికే ఇల్లు పీకి పందిరేస్తుంది. పద్దెనిమిదేళ్లలో వేల వేళ్లు పట్టుకున్నవాడికి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇమ్మానుయేల్ కిటికీ సందు వంక చాలాసేపు చూశాడు.

"సీఐ సార్, మీరు కొంచెం వరండాలకు పోయి గీ సందుల నుంచి చెయ్యి పెట్టుండ్రి."

"నాకేం పని లేదనుకుంటున్నవా?" అంటూనే కరుణాకర్ బయటికి నడిచాడు. కాసేపటికి గాజు అవతల నీడ కదిలింది. "పెట్టిన, చూస్కో!" అన్న కేక వినబడింది. సందులోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది. ఇమ్మానుయేల్ దాన్ని పట్టుకుని, "ఉండుండ్రి సార్, కదలకుండ్రి," అన్నాడు.

అవతల ఇన్‌స్పెక్టర్ పకపకా నవ్వాడు. "ఏం డిటెక్టివ్‌వయ్యా! అది నా చెయ్యి కాదు, డాక్టర్ రత్నాకర్‌ది. నేను పక్కకు నిలబడి..."

నవ్వు మధ్యలో తెగిపోయింది. డాక్టరు చెయ్యి నెమ్మదిగా వెనక్కి వెళ్లింది. కరుణాకర్ గదిలోకి తిరిగి వచ్చేసరికి ఆయన మొహంలో వెటకారం లేదు.

"మీరే నిరూపించిండ్రు సార్," అన్నాడు ఇమ్మానుయేల్, గెలిచినట్టు కాకుండా మామూలుగా. "గీడ కూసున్నోళ్లకు చెయ్యే కనబడ్తది, మనిషి కనబడదు. రెండోసారి వచ్చిన చెయ్యి సారికది కాదు. మైదాకు పెట్టుకున్న ఇంకో పిల్లది. అదే చందమామ, అవే టోపీలు. అమ్మాజీకి అనుమానం ఎట్ల వస్తది?"

"పిల్ల చెయ్యి మార్చింది ఎవరు మరి?"

"పక్కన ఉన్నది ఒక్కతే మనిషి."

"సొంత నానమ్మ!" కరుణాకర్ నమ్మలేకపోయాడు. "ఆమె ఎందుకు చేస్తది? నేను పోయినప్పుడు గోడకు తల కొట్టుకున్నది ఆ ముసల్ది."

"గదే అడుగుదాం. జీపు తియ్యుండ్రి."

*

లాలాపేట్‌లో ఆ సందులోకి జీపు పోలేదు. ఇద్దరూ దిగి నడిచి, రేకుల ఇంటి ముందు ఆగేటప్పటికి మూడు నలభై. ఆ రోజు మూడో దినం కావడంతో మగవాళ్లందరూ శ్మశానానికి వెళ్లారు. ఉప్పలమ్మ గడపలో మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. వెనక, గదిలో, చాప మీద ఇంకో పిల్ల గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడేళ్లుంటాయి.

"ఎవరవ్వా ఆ పిల్ల?" అని అడిగాడు ఇమ్మానుయేల్ చెప్పులు విప్పుతూ.

"నా పెద్ద కొడుకు బిడ్డ. నవనీత. దాని తల్లి వాసంతి హాస్టల్ల వంట పనికి పోయింది."

"సోమవారం నీతోని దవాఖానకు వచ్చిందా?"

ఉప్పలమ్మ చూపు నేల మీదికి వాలింది. ఇన్‌స్పెక్టర్ ఏదో గద్దించబోతే ఇమ్మానుయేల్ చేత్తో ఆపి లోపలికి వెళ్లి పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఏది బిడ్డా, నీ మైదాకు చూపెట్టు."

నవనీత ఎడమ చెయ్యి చాచింది. అరచేతిలో చందమామ, వేళ్లకు టోపీలు. నడిమి వేలు కొసన, ఎర్రటి టోపీ నట్టనడుమ, ఆవగింజంత నల్లటి పొక్కు.

"గిదెట్లయింది?"

"సూది," అంది పిల్ల మెల్లగా. "నేను ఏడ్వలే. బిస్కెట్ పొట్లం కొనిచ్చింది నానమ్మ."

ఆ తర్వాత ఉప్పలమ్మను ఎవరూ ఏమీ అడగాల్సిన అవసరం రాలేదు. ఆమె తనంతట తానే మొదలుపెట్టింది, గడపను రెండు చేతులా పట్టుకుని.

"సారూ, నా పెద్ద కొడుకు ఉప్పలయ్యను మీరెరుగరు. లారీ గుద్దితే పెద్ద దవాఖానల ఏసిండ్రు. రక్తం ఎక్కియ్యాలె అన్నరు. సీసా సగం కాలే, నా కండ్ల ముంగటనే వణికి వణికి పోయిండు. ఎవ్వరిదో రక్తం నా కొడుకును మింగింది. సోమవారం గా కిటికీల నుంచి రక్తం ఎక్కియ్యాలె అనంగనే నా కాళ్లు ఇరిగినయి. సారికను గట్లనే సంపుతరనుకున్న. ఇది గట్టి పిల్ల కదా అని దీని చెయ్యి పెట్టిన. మందులిచ్చి పంపుతరు, ఇంటికాడ జొన్నగట్క, కూర పెట్టి బాగుచేసుకుంట అనుకున్న సారూ. రక్తం తప్పించిన అనుకున్న గాని పిల్లనే పోగొట్టుకుంట అనుకోలే."

గుమ్మం బయట ఏదో పడిన చప్పుడైంది. రాజలింగు నిలబడి ఉన్నాడు. శ్మశానం నుంచి తెచ్చిన ఖాళీ చెంబు ఆయన చేతిలోంచి జారి మెట్ల మీద దొర్లుతోంది. ఆయన తల్లినే చూస్తున్నాడు. తిట్టలేదు, అరవలేదు. ఆ చూపుకు ఉప్పలమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇమ్మానుయేల్ నోటుబుక్కు మూశాడు. అమ్మాజీ బయటపడింది. కుటుంబంలో ఎవరికీ శిక్ష వేయాలని ఆయనకు లేదు. ఈ ముసలామెకు వేయడానికి కొత్తగా శిక్షేమీ మిగల్లేదు కూడా. పని అయిపోయిందన్న తృప్తి లోపల ఎక్కడో కలిగింది. ఆ తృప్తికి ఆయన తర్వాత చాలా సిగ్గుపడ్డాడు.

"అయితే లెక్క కుదిరింది," అన్నాడు కరుణాకర్ నిట్టూర్చి. మెజిస్ట్రేటుకు ఏం చెప్పాలో కూడబలుక్కుంటున్నట్టు వేళ్లు మడిచాడు. "మూడు పాయింట్ ఎనిమిది సారికది. అయిదు పాయింట్ ఒకటి ఈ పిల్లది."

ఇమ్మానుయేల్ గిరుక్కున పిల్ల వైపు తిరిగాడు.

అయిదు పాయింట్ ఒకటి ఈ పిల్లది. పొద్దుటి నుంచి ఆ అంకెను సాక్ష్యంగా చూశాడు, దొంగగా చూశాడు, ఎవరిదని వెతికాడు. దొరికాక నోటుబుక్కు మూసేశాడు. ఆ అంకె ఒక పిల్ల ఒంట్లో ఉందని, పదకొండు ఉండాల్సిన చోట అయిదు ఉందని, పద్దెనిమిదేళ్ల అనుభవం ఉన్న తనకు తట్టలేదు. అందరూ దాన్ని మంచి నంబరనే అన్నారు. డాక్టరు అన్నాడు, ఉప్పలమ్మ గట్టి పిల్ల అనుకుంది. అన్నదమ్ముల బిడ్డలు, ఒకే ఇంటి జబ్బు.

ఆయన నవనీత గడ్డం పట్టుకుని కింది రెప్ప కిందికి లాగాడు. లోపల ఎరుపన్నది లేదు, తెల్లగా ఉంది. నుదురు కాలిపోతోంది.

"జ్వరం ఎప్పటి నుంచి?"

"నిన్నటి నుంచి," అన్నాడు రాజలింగు. "ఏడ్సి ఏడ్సి వచ్చిందనుకున్నం. అది ఎప్పుడు గట్లనే సారూ, ఆడదు, బడికి పోదు. బద్ధకం పిల్ల అంటం."

ఇమ్మానుయేల్ పిల్ల గౌను పైకెత్తి, గడియారం చూస్తూ పొట్ట కదలికలు లెక్కపెట్టాడు. పక్కటెముకల సందులు ప్రతి ఊపిరికీ లోపలికి పోతున్నాయి. ముక్కుపుటాలు అదురుతున్నాయి. నిమిషం పూర్తి కాగానే లేచి నిలబడ్డాడు.

"యాభై ఎనిమిది. నాలుగుకు, ఆరుకు మధ్యల ఉన్నా సరే, గిట్ల ఆయాసం ఉంటే రక్తం ఎక్కియ్యాలె. ఇప్పుడే. లెవ్వుండ్రి."

ఉప్పలమ్మ ఒక్క ఉదుటున లేచి గుమ్మానికి అడ్డంగా చేతులు చాచింది. "వద్దు సారూ! మీ కాళ్లు మొక్కుత. దీన్ని గూడ సంపకుండ్రి. రక్తం వద్దు!"

"అవ్వా, నీ కొడుకు లారీ దెబ్బకు పోయిండో, రక్తం పడక పోయిండో నాకు తెల్వదు. రక్తంతోని ప్రమాదం లేదని అబద్ధం చెప్ప. వెయ్యి మందికి ఎక్కిస్తే ఒకరికి తేడా రావచ్చు. కానీ ఎక్కియ్యకపోతే ఈ పిల్ల రేపు పొద్దుగాల ఉండదు. సారికకు జరిగింది చూసినవ్ కదా."

ముసలామె చేతులు దించలేదు. అప్పుడు రాజలింగు లోపలికి వచ్చాడు. తల్లిని ముట్టుకోలేదు, పక్కకు తొయ్యలేదు. వంగి నవనీతను భుజాన వేసుకుని ఆమె ముందు నిలబడ్డాడు.

"అమ్మా, నా బిడ్డను మొన్ననే మన్నుల పెట్టిన. అన్న బిడ్డను పెట్ట. జరుగు."

ఉప్పలమ్మ జరిగింది. జరిగి, కొడుకు వెంటే వట్టి కాళ్లతో పరిగెత్తింది.

జీపులో కరుణాకర్ తనే స్టీరింగ్ పట్టుకున్నాడు. ఇమ్మానుయేల్ ఫోన్‌లో రత్నాకర్ దొరికేసరికి లాలాపేట్ దాటారు.

"డాక్టర్ గారూ, పిల్లను తెస్తున్నం. ఏడేళ్లు, జ్వరం, ఎగశ్వాస. రక్తం రెడీ పెట్టుండ్రి."

"నంబర్ ఎంత?"

"నంబర్ తర్వాత! గేటు కాడికొచ్చి పిల్లను చూడుండ్రి. అమ్మాజీని కూడ పిలువుండ్రి, గింత సన్న నరం పట్టాల్నంటే ఆమె చెయ్యే కావాలె."

"నేను చెప్పిన్నని చెప్పు," అని అరిచాడు ఇన్‌స్పెక్టర్ ముందు నుంచి. "అమ్మాజీని ఇడిసిపెట్టమను! అరెస్టు లేదు గిరెస్టు లేదు!"

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు, తర్వాత పరుగు వినబడ్డాయి. ఇమ్మానుయేల్ ఫోన్ జేబులో వేసుకుని మళ్లీ పిల్ల పొట్ట మీద చెయ్యి పెట్టాడు. పిల్ల కళ్లు సగం మూసుకుపోయాయి. రాజలింగు "నవనీతా, బిడ్డా, నన్ను చూడు," అని పిలుస్తూనే ఉన్నాడు. తార్నాక సిగ్నల్ దగ్గర బస్సు అడ్డం పడితే కరుణాకర్ హారన్ మీద అరచెయ్యి వేసి తియ్యలేదు.

"ఎంతున్నది ఇప్పుడు?" అని అడిగాడు వెనక్కి తిరక్కుండానే.

"నలభై."

"తగ్గింది!" ఇన్‌స్పెక్టర్ గొంతులో మొదటిసారి సంతోషం వినబడింది. ఉప్పలమ్మ రెండు చేతులూ ఎత్తి మొక్కింది. "దేవుడు సల్లగ చూసిండు. నిదానమైతున్నది పిల్ల."

"తగ్గుడు కాదు సార్ అది," అన్నాడు ఇమ్మానుయేల్. "అలిసిపోయింది. ఊపిరి గుంజుకునే సత్తువ అయిపోతున్నది. తొక్కుండ్రి."

జీపు ఫుట్‌పాత్ ఎక్కి బస్సును దాటేసింది. ఇమ్మానుయేల్ గడియారం మీద నుంచి కళ్లు తియ్యలేదు. తర్వాతి నిమిషానికి లెక్క ఇరవై ఆరు. కేస్ షీటులో రాస్తే ఏ డాక్టరూ వంకపెట్టని అంకె. క్యాంపస్ గేటు ఇంకా అర కిలోమీటరు ఉంది.